పూర్తి పేరు పెట్టమంటే

పిల్లలూ,

కొత్త ఖాతా తెరుస్తుంటే "మీ అసలు పేరు పెడితే స్నేహితులు సులువుగా గుర్తుపడతారు" అని ఒక పెట్టె వస్తుంది. "సరే" అన్న మీట నీలం రంగులో నిగనిగలాడుతుంటుంది. "ఇప్పుడొద్దు" అన్నది మాత్రం ఏ మూలో బూడిద రంగులో నక్కి ఉంటుంది. అది ఏమరుపాటున జరిగింది కాదు, కావాలని అలా పెడతారు.

2012లో యూట్యూబ్ ఇదే పని చేసింది. మారుపేరుతో ఉన్నవాళ్లను పూర్తి పేరు పెట్టుకోమనేది. వద్దంటే ఊరుకోకుండా, ఎందుకు వద్దో చెప్పమని ఒక జాబితా ముందుపెట్టేది: ఈ ఛానెల్ ఒక కార్యక్రమానిది, పాటల బృందానిది, వ్యాపారానిది... ఇలా. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలు, కాదనడానికి మాత్రం సంజాయిషీ! దీని వెనక 2011లో మొదలైన గూగుల్ ప్లస్ ఉంది, అంటే ఫేస్‌బుక్ లాంటి గూగుల్ వారి సైటు. అక్కడ అసలు పేర్లే ఉండాలని పట్టుబట్టి ఎన్నో ఖాతాలు ఆపేశారు. 2014 జులైలో ఆ నియమం ఎత్తేశారు. 2019లో జనం వాడే గూగుల్ ప్లస్సే మూతపడింది.

పేరుమోసిన రచయిత సల్మాన్ రష్దీకే తప్పలేదు ఈ బాధ. పాస్‌పోర్టులో మొదటి పేరు అహ్మద్ కాబట్టి 2011లో ఫేస్‌బుక్ ఆయన్ని అహ్మద్‌గా మార్చేసింది. ఆయన ట్విటర్లో గొడవపెట్టుకుంటేనే సల్మాన్ తిరిగొచ్చాడు. మరి మామూలువాళ్ల మాట ఎవరు వింటారు?

పేరు బయటపడితే బూతులు తగ్గుతాయని కంపెనీల వాదన. దక్షిణ కొరియా 2007లో దీన్ని చట్టమే చేసింది: పెద్ద సైట్లలో రాయాలంటే ముందు గుర్తింపు నిరూపించుకోవాలి. అలా సైట్ల దగ్గర జనం వివరాలు పోగుపడ్డాయి. 2011లో ఒక్క హ్యాకింగ్ దాడిలోనే సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది.

అందుకే పేరు అడిగినప్పుడల్లా ఒకటి చూసుకోండి: కంపెనీ తన దగ్గర ఉంచుకోవడానికి అడుగుతోందా, అందరికీ చూపించడానికా? మొదటిదానికి భయం దొంగతనం. రెండోదానికి భయం మీ పేరే. మన పేర్లలో ఇంటిపేరు వంశం చెబుతుంది, చివర తోక ఉంటే కులం చెబుతుంది. దానికి బడి పేరు తోడైతే ఇల్లు పట్టుకోవడం ఎంతసేపు? (ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుతో మొదటి గడిలో అదే నింపి, తర్వాత "హలో కొండపల్లి" అని పిలిపించుకునేవాళ్లూ ఉన్నారు.)

యూట్యూబ్‌లో ఇప్పుడు ఛానెల్ పేరు వేరు, గూగుల్ ఖాతా పేరు వేరు. ఒకటి మారిస్తే రెండోది మారదు. పిల్లలు పొరబడేది హ్యాండిల్ దగ్గర, అంటే @ గుర్తుతో మొదలయ్యేది. ఛానెల్‌కి "బుజ్జిపిట్ట" అని పెట్టి హ్యాండిల్‌ని వదిలేస్తారు. అందులో పాత పేరు అలాగే ఉంటుంది, వ్యాఖ్యల కింద కనిపించేది అదే. రెండూ మార్చండి. ఆ ఖాతా నుంచి ఎవరికైనా మెయిల్ పంపితే గూగుల్ ఖాతా పేరే వెళ్తుందని గుర్తుంచుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకోనివాళ్లకు ~ గుర్తు పక్కన మీరు ప్రొఫైల్లో రాసుకున్న పేరు కనిపిస్తుంది. అక్కడ ముద్దుపేరు చాలు. ఫేస్‌బుక్‌లో ఒకసారి పేరు మారిస్తే 60 రోజులు మళ్లీ మార్చనివ్వదు, కాబట్టి తొందరపడి తమాషా పేరు పెట్టకండి.

2017 డిసెంబరులో ఫేస్‌బుక్ మన దేశంలో కొందరు కొత్తవాళ్లను ఆధార్‌లో ఉన్న పేరు పెట్టమంది. జనం మండిపడ్డాక అది చిన్న పరీక్షేనని, అయిపోయిందని చెప్పింది. అప్పుడు అడిగింది పేరే, కార్డు కాదు. నిజంగా కార్డే అడిగితే అమ్మకో నాన్నకో చెప్పకుండా ఏదీ పంపకండి. ఆధారే పంపాల్సివస్తే, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్లో దించుకునేటప్పుడు "మాస్క్‌డ్ ఆధార్" అన్న గడిలో టిక్ పెట్టమనండి. 12 అంకెల్లో చివరి నాలుగే కనిపిస్తాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య