లేజర్‌కు తెలిసింది నలుపొక్కటే: అవాంఛిత రోమాల చికిత్సపై అపోహలు, వాస్తవాలు

పోయిన వేసవిలో గుంటూరులోని మా క్లినిక్‌కి ఒకమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. చున్నీ తీస్తే దవడ కింద గోధుమరంగు పట్టీలు, ఒకదాని పక్కన ఒకటి, ముద్రలు గుద్దినట్టు. లేజర్ మెషిన్ కొన ఆనిన చోటల్లా ఒక మచ్చ. ఆఫర్ ఉందని వేరేచోట చేయించుకుంది. అంతకు ముందు వారమంతా స్కూటీ మీద ఎండలో తిరిగి ముఖం కమిలిపోయి ఉందట. అక్కడ ఆ సంగతి ఎవరూ అడగలేదు. "మా రంగుకి లేజర్ పడదా డాక్టరు గారూ?" అన్నారు తల్లి.

అపోహ: చామనచాయ వాళ్లకు లేజర్ పడదు.
పడుతుంది. కాకపోతే లేజర్‌కు వెంట్రుకేదో చర్మమేదో తెలియదు, నలుపొక్కటే తెలుసు. వెంట్రుకలోని మెలనిన్, అంటే దానికి నలుపునిచ్చే పదార్థం, ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కితే కుదురు దెబ్బతింటుంది. అదే మెలనిన్ మన చర్మం పైపొరలోనూ ఉంది. ఎండకు కమిలితే ఇంకా పెరుగుతుంది. అప్పుడు కుదురుకు చేరాల్సిన వేడి పైనే ఆగి చర్మాన్ని కాలుస్తుంది. లేజర్లలో రకాలున్నాయి, కాంతి తరంగం పొడవును నానోమీటర్లలో చెబుతారు. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ తెల్లటి చర్మాలకు బాగా పనికొస్తుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ కాంతిని పైపొర తక్కువగా పీల్చుకుంటుంది, అది లోతుకు దిగుతుంది. అందుకే ముదురు రంగు చర్మానికి అదే ఎక్కువ క్షేమం. 800 నానోమీటర్ల ప్రాంతంలోని డయోడ్ లేజర్‌ని కూడా పవర్ చూసుకుని, చర్మాన్ని చల్లబరుస్తూ వాడవచ్చు. ఏ మెషిన్ వాడుతున్నారో అడగండి. ముందు చిన్న చోట టెస్ట్ చేయమనండి. ఎండకు కమిలి ఉంటే నేనైతే వాయిదా వేస్తాను, పెళ్లి దగ్గరలో ఉన్నా సరే.

తెల్లవెంట్రుకల్లో ఆ నలుపు లేదు కాబట్టి వాటిమీద లేజర్ పనిచేయదు. "రెండు సిట్టింగులు ఎక్కువ చేస్తే పోతాయి" అని ఎవరన్నా నమ్మకండి.

అపోహ: ఒకసారి చేయిస్తే జన్మలో రావు.
బాగా తగ్గుతాయి, పలచబడతాయి. అన్నీ శాశ్వతంగా పోతాయని ఏ డాక్టరూ హామీ ఇవ్వకూడదు. లేజర్ బాగా పనిచేసేది ఎదిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే, అవన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చొప్పున, మామూలుగా 6 నుంచి 8 సిట్టింగులు పడతాయి. గడ్డం మీద బిరుసు రోమాలు, నెలసరి తప్పడం రెండూ ఉంటే ముందు పీసీఓడీ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉందేమో చూపించుకోండి. లోపల హార్మోన్లు సరికాకుండా పైన లేజర్ కొడుతూ పోతే డబ్బు దండగ. బుగ్గల మీది సన్నటి నూగు జోలికి మాత్రం నేను పోను. దానికి లేజర్ కొడితే కొందరిలో రోమాలు తగ్గకపోగా పెరుగుతాయి.

క్యాన్సర్ భయం వద్దు. ఇది ఎక్స్‌రే లాంటి కిరణం కాదు, కాంతి. జాగ్రత్త పడాల్సింది కళ్ల విషయంలో. గాగుల్స్ పెట్టకుండా మొదలుపెడితే లేచి వచ్చేయండి. కనుబొమల కింద, కంటిగూడు లోపల లేజర్ చేయించుకోకూడదు.

అపోహ: ముందు వ్యాక్సింగ్ చేయించుకుని వెళ్తే నున్నగా ఉంటుంది.
కుదురుతో పీకేస్తే లేజర్‌కు అక్కడ పని ఉండదు. నాలుగు వారాల ముందు నుంచి వ్యాక్సింగ్, త్రెడింగ్ మానేయండి. ముందురోజు రేజర్‌తో గీసుకుంటే చాలు. గీస్తే ఒత్తుగా వస్తాయన్నది నిజం కాదు.

అపోహ: ఇంటికెళ్లి పసుపు రాస్తే మంట తగ్గుతుంది.
దుగ్గిరాల పసుపు మన పక్కనే పండుతుంది. వద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. అయినా వద్దనే చెబుతాను. అప్పుడే వేడి తగిలిన చర్మం మీద పసుపు, శనగపిండి, నిమ్మరసం ఏవి రుద్దినా ఇంకా రేగుతుంది. పైగా ఆ పచ్చదనం కింద చర్మం ఎర్రబడిందో, పొక్కిందో కనబడదు. చన్నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ అద్దండి, తర్వాత వాసనలేని మాయిశ్చరైజర్ రాయండి. కుదుళ్ల చుట్టూ చిన్న ఎర్రటి పొంగులు గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో అణగిపోతాయి. ఆ రెండు రోజులూ వేణ్నీళ్లు, జిమ్, స్టీమ్ వద్దు. బొబ్బ లేస్తే చిదమకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసి, రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయండి. ఒక్క చున్నీ మన ఎండకు సరిపోదు. ఆ అమ్మాయి మచ్చలు మెల్లగా తేలికపడటానికి సన్‌స్క్రీన్, క్రీములతో నెలలు పట్టింది.

వారం, రెండు వారాలకు వెంట్రుకలు మళ్లీ వస్తున్నట్టు కనిపిస్తాయి. చాలావరకు అవి చచ్చినవి, బయటికి తోసుకొస్తున్నాయి. స్నానం చేసేటప్పుడు మెత్తటి గుడ్డతో తుడిస్తే ఊడొస్తాయి. ప్లక్కర్‌తో మాత్రం పీకకండి.