మురుగుకాలువ మీద తేలేది నూనె కాదు, ఇనుము

వరిచేల పక్క మురుగుకాలువలో, కదలని నీటి మీద రంగురంగుల తెట్టు తేలుతోందనీ, ఇంజనాయిల్ కలిసిందేమోననీ, ఆ నీరు మళ్లీ చేలోకి పెట్టుకోవచ్చా అనీ ఒక పాఠకుడు అడిగారు. పుల్లతో కదిపి చూడండి. నూనె అయితే పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోతుంది. పెచ్చులుగా పగిలి విడివిడిగానే ఉండిపోతే అది ఇనుము. దాంతో పైరుకు భయం లేదు. డెల్టా చివరి భూముల్లో మాత్రం ఉప్పు చూసుకోవాలి: నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత ఈసీ (విద్యుత్ వాహకత) మీటరుకు 2 డెసీసీమెన్లు దాటితే వరికి ఇబ్బందే.

నిజానికి వేసిన భాస్వరం ఎటు పోయిందో చెప్పేది ఆ తెట్టే. దమ్ము చేసి నీరు నిలగట్టిన నేలలో ఒకటి రెండు రోజుల్లో ఆక్సిజన్ అయిపోతుంది. సూక్ష్మజీవులు దాని బదులు ముందు నైట్రేటును, తర్వాత మాంగనీసును, ఆపైన ఇనుమును వాడుకుంటాయి. తుప్పు రూపంలోని ఫెర్రిక్ ఇనుము ఎలక్ట్రాన్ అందుకుని నీటిలో కరిగే ఫెర్రస్ అవుతుంది. ఆరిన నేలలో భాస్వరాన్ని పట్టి ఉంచేది ఆ తుప్పే. అది కరిగితే భాస్వరం నీటిలోకి వస్తుంది, నేలలో ఆర్సెనిక్ ఉంటే అదీ వస్తుంది. వరి వేరుకు ఈ భాస్వరం చక్కగా అందుతుంది. మడవ తెరిచామా, కాలువలో గాలి తగిలి ఇనుము మళ్లీ తుప్పుపడుతుంది (ఆ తెట్టు ఇదే), భాస్వరాన్నీ జింకునూ పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆ ఒండ్రు కొల్లేరు లాంటి చోటికి చేరి, గుర్రపుడెక్క కింద గాలాడని బురదలో పడితే ఇనుము మళ్లీ కరుగుతుంది, భాస్వరం మళ్లీ బయటపడుతుంది.

భార లోహాలన్నిటినీ ఒకే గాటన కట్టి పాఠం చెప్పడం పొరపాటు. భాస్వరం ఎరువులకు ముడిసరుకైన రాక్ ఫాస్ఫేట్ వెంట వచ్చే కాడ్మియం, నీరు నిలిచినంతకాలం సల్ఫైడుగా కదలకుండా ఉంటుంది. చేను ఆరగట్టినప్పుడే వదులవుతుంది. ఆర్సెనిక్ నడక దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

50 కిలోల డీఏపీ (భాస్వరం, నత్రజని ఉన్న ఎరువు) బస్తాలో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. ఎకరంలో 5 సెంటీమీటర్ల నీరంటే 2 లక్షల లీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున పోయినా 200 గ్రాములే. కానీ లీటరుకు 0.03 మిల్లీగ్రాములకే చెరువులో నాచు విజృంభిస్తుంది. ఆ 200 గ్రాములు 66 లక్షల లీటర్లకు సరిపోతాయి!

కాబట్టి డీఏపీ వేసి దమ్ము చేశాక బురదనీరు తేరేదాకా మడవ తీయకండి. పైపాటు యూరియాకు ముందే నీరు తీసేసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులాగి నీరు పెట్టండి. నిండా నీరున్నప్పుడు చల్లితే అమ్మోనియాగా గాలికి పోతుంది, మడవ తెరిస్తే కాలువలోకి పోతుంది. జింకు సల్ఫేటు, ఎకరానికి 20 కిలోలు, ఆఖరి దమ్ములో విడిగా వేయాలి. డీఏపీతో కలిపితే జింకు ఫాస్ఫేటై రెండూ పైరుకు అందవు.

నీటి నమూనా తీసేటప్పుడు ఫాస్ఫేటున్న సబ్బుతో కడిగిన సీసా వద్దు. కరిగిన లోహాల కోసమైతే గట్టు మీదే 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడగట్టి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 లోపుకు దించాలి. ఆలస్యమైతే ఇనుము సీసాలోనే తుప్పుపట్టి భాస్వరాన్నీ లోహాలనూ అడుగుకు లాగేస్తుంది, రిపోర్టులో నీరు శుభ్రంగా ఉన్నట్టు వస్తుంది.