బోరింగు నీళ్లు, జాతీయాదాయం

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతపు పల్లెల్లో పెద్దవాళ్ల పళ్లను చూసి వారు చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో చెప్పవచ్చు. పంటి పింగాణీ ఏర్పడే బాల్యంలో బోరింగు నీటితోపాటు ఒంట్లో చేరిన ఫ్లోరైడే ఆ గోధుమరంగు గారలకు కారణం. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి భూగర్భజలంలో కరిగే ఈ పదార్థం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంతకు బాగా మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుని, ఎముకలను కలిపి ఉంచే బంధనాలు కూడా గట్టిపడి, నడుము వంగిపోతుంది; మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వస్తుంది.

ఆ మనిషి కొన్న నొప్పి మాత్రలు, ఆసుపత్రికి పోయిన ఆటో కిరాయి, ఇంటికి తెప్పించుకున్న 20 లీటర్ల నీళ్ల క్యాను, ఇవన్నీ దేశ ఉత్పత్తి లెక్కను పెంచుతాయి. లేవలేని అతనికి స్నానం చేయించి అన్నం తినిపించే భార్య చాకిరీ మాత్రం ఆ లెక్కలోకి రాదు. జాతీయాదాయాన్ని బట్టి ప్రజల క్షేమాన్ని అంచనా వేయలేమని, అమెరికాకు ఆ లెక్క కట్టిన సైమన్ కుజ్నెట్స్ స్వయంగా 1934 నాటి నివేదికలో హెచ్చరించారు.

1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ తోడ్పాటుతో వెలువడిన మానవాభివృద్ధి సూచిక ఆదాయం పక్కన ఆయుర్దాయాన్నీ చదువునూ చేర్చింది. 2010లో వచ్చిన బహుముఖ పేదరిక సూచిక ఇంకా దగ్గరికి వచ్చి, ఇంటికి సురక్షితమైన నీరు ఉందా, తెచ్చుకోవడానికి పోయిరాను అరగంట పడుతుందా అని అడుగుతుంది. ఇది గొప్ప ముందడుగే. అయితే ఇంటింటి సర్వేలో బోరుబావి ఉందంటే ఆ నీరు సురక్షితమైనదిగానే నమోదవుతుంది, అందులో ఏం కరిగి ఉందో సాధారణంగా పరీక్షించరు కనుక, నల్లగొండలో ఒక తరాన్ని వంచేసిన బోరింగు కూడా మంచినీటి వసతి కిందికే వస్తుంది.

ఇంటింటికీ తాగునీరిచ్చే తెలంగాణ పథకం మిషన్ భగీరథ పైపుల్లో ఇప్పుడు కృష్ణా నీరు వస్తోంది. దాని ఫలితాన్ని వేసిన పైపుల పొడవుతోనో పెట్టిన కోట్లతోనో కాక, బడిపిల్లల ముందరి పళ్లతో కొలవాలని నేను బలంగా నమ్ముతున్నాను. గార తీవ్రతను బట్టి పళ్లను వర్గీకరించే పద్ధతిని ట్రెండ్లీ డీన్ అనే దంతవైద్యుడు కుజ్నెట్స్ నివేదిక వచ్చిన 1934లోనే రూపొందించారు. దానికి మంచి వెలుతురు, పళ్లు చూడటం నేర్చిన ఒక మనిషి ఉంటే చాలు. పన్నెండేళ్ల పిల్లలున్న ప్రతి బడిలో ఏటా ఒక పూటలో ఆ పని ముగుస్తుంది.