కదిలే మంచు: హిమానీనదాలు ఎలా ఏర్పడతాయి?

తెలుగులో ఆకాశం నుంచి రేకులుగా రాలేదీ మంచే, రాయిలా గట్టిపడిన గడ్డా మంచే. హిమానీనదం పుట్టుక అంతా మొదటిది రెండోదిగా మారే క్రమంలో ఉంది. అందుకు చలి ఒక్కటే చాలదు. అంటార్కిటికాలోని మెక్‌మర్డో లోయలు అతి శీతలమైనవే అయినా, అక్కడ కురిసే మంచు చాలా స్వల్పం కావడంతో నేల చాలావరకు బయటికే కనిపిస్తుంది. చలికాలపు మంచులో కొంత వేసవిని దాటి మిగిలి, ఏటేటా పేరుకోవాలి.

అప్పుడే కురిసిన పొడిమంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలే తూగుతుంది, మిగతాదంతా గాలి. పైపొరల బరువుకు రేకులు అరిగి గుండ్రని పలుకులవుతాయి. వేసవిని తట్టుకుని నిలిచిన ఈ పలుకుల మంచును ఫిర్న్ అంటారు. సాంద్రత సుమారు 830 కిలోలకు చేరినప్పుడు పలుకుల మధ్య దారులు మూసుకుపోయి, గాలి బుడగలుగా లోపలే చిక్కుకుంటుంది. కరిగిన నీరు ఇంకి మళ్లీ గడ్డకట్టే చోట్ల ఈ మార్పుకు కొన్ని దశాబ్దాలు చాలు. తూర్పు అంటార్కిటికా నడిభాగంలో వేల ఏళ్లు పట్టవచ్చు. అక్కడి డోమ్ సి వద్ద లోతుగా తొలిచి తీసిన మంచులోని బుడగల వల్లనే 8 లక్షల ఏళ్ల నాటి గాలిని నేడు పరీక్షించగలుగుతున్నాం. ఇంతకంటే నమ్మకమైన వాతావరణ భాండాగారం మరొకటి లేదని నా అభిప్రాయం.

మందం కొన్ని పదుల మీటర్లు దాటాక మంచు తన బరువుకే సాగి, వాలు వెంట కదలడం మొదలుపెడుతుంది. అడుగున నీరుంటే రాతిమీద జారుతుంది కూడా. పెళుసుగా ఉండే పైభాగం మాత్రం సాగలేక పగులుతుంది. కదలిక లేనిదాన్ని హిమానీనదం అనరు.

కొండల్లో మంచు ఎటు పోవాలో నేలే నిర్ణయిస్తుంది: శిఖరం పక్కన గిన్నెలాంటి పల్లంలో ఒదిగేవి కొన్ని, కారకోరంలోని సియాచిన్‌లా 70 కిలోమీటర్లకు పైగా లోయ వెంట సాగేవి కొన్ని, అలాస్కాలోని మలస్పినాలా కొండ దిగి మైదానంలో విసనకర్రలా పరచుకునేవి కొన్ని. ఐస్‌లాండ్‌లోని వాట్నయోకుల్ వంటి మంచు టోపీలు కొండలనే కప్పేస్తాయి. 50,000 చదరపు కిలోమీటర్లు మించితే వాటిని మంచు పలకలంటారు. ఇవి నేడు గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో మాత్రమే ఉన్నాయి.

మంచు పలకల అంచులు సముద్రంలోకి సాగి తేలుతూ ఉంటే అవి ఐస్ షెల్ఫులు. సముద్రపు నీరే గడ్డకట్టి ఏర్పడే మంచుతో వీటిని కలిపి చూడరాదు. ముందే తేలుతున్నందువల్ల షెల్ఫు విరిగినా సముద్రమట్టం దాదాపు పెరగదు, కానీ వెనకనున్న మంచును అదిమిపట్టే ఆనకట్ట అదే. 2002లో అంటార్కిటికా ద్వీపకల్పం వద్ద సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల లార్సెన్ బి షెల్ఫు కొద్ది వారాల్లోనే ముక్కలయ్యాక, దాని వెనకున్న హిమానీనదాలు మునుపటికంటే ఎన్నో రెట్లు వేగంగా సముద్రంలోకి దిగసాగాయి.