పోలీసుల మీద కేసు నిలవదా? అపోహలు – వాస్తవాలు

"వాళ్లకు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ ఉందట కదండీ, కేసు వేసి ఏం లాభం?" టెక్సస్‌లో పోలీసుల చేతిలో దెబ్బలు తిని నా దగ్గరకు వచ్చే మనవాళ్లు చాలామంది ముందుగా అనే మాట ఇది.

అపోహ: పోలీసు మీద దావా వేయడానికే వీల్లేదు.

వాస్తవం: వేయవచ్చు. సెక్షన్ 1983 (అధికారులు రాజ్యాంగ హక్కులకు భంగం కలిగిస్తే దావా వేసుకునే వీలిచ్చే ఫెడరల్ చట్టం) కింద దావా పడ్డాక ఆ అధికారి లేవనెత్తే రక్షణే ఈ ఇమ్యూనిటీ. రాజ్యాంగ హక్కుకు భంగం కలిగిందా, అది తప్పని పాత తీర్పుల్లో అప్పటికే స్పష్టంగా తేలిందా అని జడ్జి చూస్తారు. రెండోది దాటడం కష్టమే. మా ఫిఫ్త్ సర్క్యూట్‌లో, అంటే టెక్సస్ కేసులు వెళ్లే ఫెడరల్ అప్పీలు కోర్టులో, మరీ కష్టం. కానీ అసాధ్యం కాదు. 2015లో అలబామాలోని మాడిసన్‌లో, కొడుకు ఇంటికి వచ్చిన గుజరాతీ పెద్దాయన వీధిలో నడుస్తుంటే పోలీసు నేలకేసి కొట్టాడు. ఆయనకు పక్షవాతం వచ్చింది. క్రిమినల్ కేసులో ఆ అధికారి నిర్దోషిగా బయటపడ్డాడు. సివిల్ దావాలో మాత్రం 2020లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు అతనికి ఇమ్యూనిటీ ఇవ్వలేదు.

ఈ అపోహ వల్ల అసలు నష్టం దావా వేసే గడువు దాటిపోవడం. టెక్సస్‌లో రెండేళ్లే. టెన్నెసీలో ఏడాదే! ఒక తండ్రి కొడుకు ఎక్స్‌రేలు, బిల్లులు, ఫొటోలు తేదీల వారీగా ఫైల్లో పెట్టుకుని వచ్చారు. "ఎవరో లాభం లేదన్నారు, అందుకే ఆగాం" అన్నారు. ఘటన జరిగి రెండేళ్ల మూడు నెలలైంది. ఆ రోజు ఆయనకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అలా చెప్పిన "ఎవరో" మీద నాకు ఇప్పటికీ కోపమే.

అపోహ: పోలీసులను నియమించిన నగర ప్రభుత్వానికి కూడా ఇదే రక్షణ. లేదు, 1980లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ దెబ్బకు నగరం విధానమో, అలవాటో కారణమని చూపాలి.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లు దావా వేయకూడదు. నిక్షేపంగా వేయవచ్చు. దావా వేసినంత మాత్రాన వీసా పోదు. భయపడకండి.

అపోహ: అరెస్టును అడ్డుకున్నానని ఒప్పేసుకుంటే గొడవ వదిలిపోతుంది. ఆ ఒప్పుకోలే తర్వాత మీ దావాకు అడ్డుపడవచ్చు. సంతకం చేసే ముందు లాయర్‌ని అడగండి.

బాడీ కెమెరా వీడియో భద్రపరచమని నగరానికి ఉత్తరం ఘటన జరిగిన వారంలోనే వెళ్లాలి. ఉంచే గడువు తీరితే చెరిపేస్తారు. ఫైలు సర్దుకునేదాకా ఆగకండి. ఘటన తేదీ, ఆసుపత్రి కాగితం ఒక్కటి ఉంటే చాలు, బయలుదేరి రండి.