పక్షికి స్నానం సరే, షాంపూ దేనికండీ?

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య ఏ బాల్కనీ చూసినా ఓ పంజరం వేలాడుతోంది, ఇక లిఫ్ట్‌లో కలిస్తే చాలు ఏ షాంపూ వాడుతున్నారండీ అని అడుగుతారు. ఏదీ వద్దండీ బాబూ, బేబీ షాంపూ కూడా వద్దు. పక్షి నీళ్ళలో దిగేది ఒక్క మురికి వదిలించుకోడానికే కాదు, ఆ తర్వాత గంటసేపు ముక్కుతో ఈకలు సర్దుకుంటుంది చూడండి, అసలు పని అది.

రాలిన ఈక ఒకటి తీసుకుని కొస నుంచి మొదలు వైపుకి ఎదురు దువ్వండి, చీలికలు చీలికలైపోతుంది. మళ్ళీ కొస వైపుకి నిమిరితే అతుక్కుంటుంది. మధ్య కాడకి రెండు పక్కలా పోగులు, ఒక్కో పోగుకి ఇంకా సన్నటి పోగులు, వాటికి కంటికి ఆనని కొక్కేలు, అంతా కలిసి జిప్పులా పట్టుకుంటాయన్నమాట. ఇంగ్లిష్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665 నాటికే మైక్రోస్కోప్‌లో ఈ అల్లిక చూసి బొమ్మ గీసి పెట్టాడు. పక్షి తోక మొదట్లో ఉండే చిన్న గ్రంథి నుంచి నూనె ముక్కుతో తీసుకుని ఈకలకి పూస్తుంది, సబ్బు పెడితే ముందు పోయేది ఆ నూనే.

కాక్టీల్, కాకటూ, ఆఫ్రికన్ గ్రే లాంటి చిలకలకి ఇంకో సదుపాయం కూడా ఉంది, కొన్ని మెత్తటి ఈకలు పొడి పొడిగా రాలిపోతూ పౌడర్‌లా తయారై ఒళ్ళంతా పరుచుకుంటుంది. అదంతా కెరటినే, మన గోళ్ళలో ఉండే జాతి ప్రోటీన్. కాక్టీల్ ఉన్న ఇంట్లో టీవీ మీద రోజూ తెల్లగా పేరుకునేది ఇదే, ఆస్తమా వాళ్ళున్న ఇంట్లోకి కాక్టీల్‌ని తెచ్చేముందు ఒకసారి ఆలోచించండి. స్నానం చేయిస్తే కాస్త తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

మనవాళ్ళు లవ్‌బర్డ్స్ అని కొనుక్కొచ్చేవి చాలామటుకు బడ్జీలనే చిన్న చిలకలే. వాటిది ఆస్ట్రేలియా లోపలి ఎండు నేల, అక్కడ తడి గడ్డిలో దొర్లి ఒళ్ళు తడుపుకుంటాయి కాబట్టి గిన్నెలో నీళ్ళు పెడితే కొన్ని దగ్గరికే రావు, అదే బాగా కడిగిన కొత్తిమీర కట్ట నీళ్ళు కారుతుండగా పంజరంలో పెట్టండి, దానికి ఒళ్ళు రుద్దుకుంటూ పడే అల్లరి చూడాలి! లేదంటే మామూలు నీళ్ళే స్ప్రే బాటిల్లో పోసి పైనుంచి తుంపరలా పడనివ్వాలి, మొహం మీద కొట్టకూడదు. ఫిబ్రవరి, మార్చిలో బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వారానికి రెండు మూడు సార్లు పెట్టొచ్చు, డిసెంబర్ చలిలో మాత్రం ఎండొచ్చాకే. ఏ కాలమైనా చీకటి పడేలోపు ఆరిపోవాలి.

ఈకలు మారే టైంలో నీళ్ళ అవసరం ఇంకా ఎక్కువ. కొత్త ఈక తెల్లటి గొట్టంలో చుట్టుకుని ముల్లులా మొలుస్తుంది, తడికి ఆ గొట్టం మెత్తబడి పొట్టులా రాలుతుంది. తల మీదవి దాని ముక్కుకి అందవు, అందుకే మెడ వంచి గోకమని మన వేలి దగ్గరకొస్తుంది, అప్పుడు ఎండిపోయి తెల్లబడ్డ వాటినే మెల్లగా నలపాలి, లోపల నల్లగా కనిపిస్తే ఇంకా రక్తం పారుతున్నట్టు, నొప్పెడుతుంది, నొక్కితే రక్తం కూడా వస్తుంది.

ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు. కొన్నిటి లోపల నాన్‌స్టిక్ పెనానికి వేసే పూతే ఉంటుంది, బాగా వేడెక్కితే దాన్నుంచి వచ్చే పొగ మనకి వాసన కూడా తెలియకపోవచ్చు గానీ పక్షి ఊపిరితిత్తుల్ని దెబ్బతీసి నిమిషాల్లో చంపేయగలదు, నాన్‌స్టిక్ దోసె పెనం మాడబెట్టినా ఇదే ప్రమాదం, కాబట్టి పంజరం వంటింటికి దూరంగా పెట్టండి.