డేటా ఇంటిగ్రేషన్ టూల్స్: ఎక్సెల్ షీట్‌లో టిక్కులు, రాత్రి పూట ఫోన్లు

రుషికొండ ఐటీ హిల్స్‌లో డీబీఏగా, అంటే డేటాబేస్‌లు చూసుకునేవాడిగా, చేరి పదమూడేళ్లు దాటింది. ఏడాదికి రెండు మూడుసార్లైనా ఎవరో ఒకరు ఎక్సెల్ షీట్ పంపి "అన్నా, ఇందులో ఏది తీసుకోమంటావు?" అని అడుగుతారు. ఇన్ఫర్మాటికా, డేటాస్టేజ్, టాలెండ్, ఓడీఐ (ఒరాకిల్‌వాళ్లది), ఎస్‌ఎస్‌ఐఎస్ (మైక్రోసాఫ్ట్‌వాళ్లది) వరసగా ఉంటాయి, అన్నీ ఒకచోటి డేటాని ఇంకోచోటికి చేరవేసే టూల్సే. దేనిలో ఏముందో చెబుతూ ఎదురుగా టిక్కులు. నా గోలంతా ఆ టిక్కులతోనే.

అపోహ: ఎక్కువ కనెక్టర్లు (టూల్‌ని ఒక్కో డేటాబేస్‌కి కలిపే భాగాలు), ఎక్కువ టిక్కులు ఉన్నదే గట్టి టూల్.

వాస్తవం: ఒరాకిల్ కనెక్టర్ లేకుండా పెద్ద కంపెనీలకు ఎవరూ టూల్ అమ్మరు. ఆ కనెక్టర్ మీ డేటాని ఏం చేస్తుందో చూడాలి. ఒకసారి మేం కస్టమర్ టేబుల్‌ని ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ నుంచి ఒరాకిల్ డేటాబేస్‌కి తేవాల్సి వచ్చింది. ఊరి పేరు కాలమ్ అక్కడ ఎన్‌వార్‌చార్ 20, అంటే తెలుగైనా 20 క్యారెక్టర్లు పడతాయి. టూల్ తనంతట తానే ఇక్కడ వార్‌చార్2 20 అని టేబుల్ కట్టేసింది. డెమో డేటాలో ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి కాబట్టి అన్నీ హాయిగా పట్టాయి. అసలు డేటాలో కొందరు 'విశాఖపట్నం' అని తెలుగులో రాసుకున్నారు. గుడి, దీర్ఘం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కేస్తే యూనికోడ్‌లో అది 10 క్యారెక్టర్లు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 30. ఒరాకిల్‌లో మనం సెట్టింగ్ మార్చకపోతే 20 అంటే 20 బైట్లే! పోటీలో ఉన్న రెండు టూల్స్‌లో ఒకటి ఓరా-12899 ఎర్రర్ (విలువ కాలమ్‌లో పట్టదు అని) చూపించి ఆగిపోయింది. రెండోది ఆ వరుసల్ని చప్పుడు చేయకుండా రిజెక్ట్ ఫైల్‌లోకి తోసేసి, జాబ్ సక్సెస్ అని పచ్చలైటు వెలిగించింది. షీట్‌లో రెండోదానికే టిక్కులు ఎక్కువ. మేం మొదటిదే తీసుకున్నాం.

ఇంకోటి, ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ని నల్ (అసలు విలువే లేదు) అనుకుంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనుకోదు. కాలమ్ నాట్ నల్ (నల్‌ని ఒప్పుకోనిది) అయితే అక్కడ మరో పంచాయితీ.

అపోహ: ఈటీఎల్ (డేటాని దారిలోనే మార్చి ఎక్కించడం) పాతది, ఈఎల్‌టీ (ముందు ఎక్కించేసి, చేరిన డేటాబేస్‌లో మార్చడం) కొత్తది, కాబట్టి ఈఎల్‌టీయే మేలు.

వాస్తవం: ఓడీఐ పుట్టిందే ఈఎల్‌టీగా, దాన్ని తయారుచేసిన సునోప్సిస్‌ని ఒరాకిల్ 2006లోనే కొనేసింది. అంత కొత్తేం కాదు. బరువు ఎవరి నెత్తిన పడుతోందన్నది అడగండి. టార్గెట్ స్నోఫ్లేక్ లాంటి క్లౌడ్ డేటాబేస్ అయితే బిల్లు రూపంలో పడుతుంది, బిల్లింగ్ నడుస్తున్న ప్రొడక్షన్ డేటాబేస్ అయితే మన ఫోన్ మీద పడుతుంది.

అపోహ: అప్‌డేటెడ్ డేట్ కాలమ్ చూసి కొత్త వరుసలు తెచ్చుకుంటే చాలు, సీడీసీ (డేటాబేస్‌లో జరిగిన మార్పుల్ని పట్టుకోవడం) అవసరం లేదు.

వాస్తవం: డిలీట్ అయిన వరుసకి డేట్ ఎక్కడుంటుంది? వరుసే లేదు కదా. పైగా రాత్రిపూట డీబీఏ గారే నేరుగా అప్‌డేట్ కొట్టి డేట్ ముట్టుకోకుండా వదిలేస్తారు (నేనూ చేశాను, దాచుకోవడం ఎందుకు). సీడీసీ అయితే డేటాబేస్ లాగ్ (మార్పుల చిట్టా) చదువుతుంది కాబట్టి డిలీట్లూ దొరుకుతాయి. అలాగని అది పెట్టేసి నిద్రపోవచ్చనీ కాదు. ఒక సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా ఊరు వెళ్లాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి చదివే సీడీసీ జాబ్ భోగి నాడు ఆగిపోయింది, రెప్లికేషన్ స్లాట్ (లాగ్ ఎక్కడిదాకా చదివారో చెప్పే గుర్తు) మాత్రం అలాగే ఉంది. స్లాట్ ఉన్నంతవరకూ, చదివేవాడు ఎప్పుడో వస్తాడని పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లు దాచుకుంటూనే ఉంటుంది. కనుమ నాడు గారెలు తింటుంటే ఫోన్, డిస్క్ ఫుల్, డేటాబేస్ ఆగిపోయింది. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఆ దాచుకోవడానికి హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది, కానీ దాన్ని మనమే పెట్టాలి, డిఫాల్ట్‌గా హద్దు ఉండదు. టూల్ ఎంచుకునేటప్పుడు స్లాట్ వెనకబడితే అలర్ట్ ఇస్తుందా అని నేను మొట్టమొదట అడిగేది అందుకే.

అపోహ: ఫ్రీ టూల్ ఉండగా డబ్బులు ఎందుకు?

వాస్తవం: టాలెండ్ ఓపెన్ స్టూడియోని ఉచితంగా వాడుకున్నవాళ్లు చాలామంది. 2023లో క్లిక్ కంపెనీ టాలెండ్‌ని కొంది, 2024 జనవరి 31తో ఆ ఉచిత ఎడిషన్‌ని ఆపేశారు. ఎస్‌ఎస్‌ఐఎస్ కూడా ఫ్రీ అంటారు గానీ అది ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్స్‌లో భాగం, వేరే మెషీన్ మీద నడిపితే దానికీ లైసెన్స్ కావాలి.

పెద్ద పేరున్నది కొంటే ఆ టెన్షన్ ఉండదనుకుంటారా? ఇన్ఫర్మాటికాని 2025లో సేల్స్‌ఫోర్స్ కొనేసింది. చేతులు మారడం తప్పని కాదు, మన జాబుల్ని రేపు బయటికి తీసుకెళ్లాలంటే ఏ రూపంలో చేతికొస్తాయో ముందే చూసుకోవాలి. ఎస్‌క్యూఎల్ ఫైళ్లుగా వస్తే ఎవరైనా చదువుకుంటారు, వేల లైన్ల ఎక్స్‌ఎమ్‌ఎల్ వస్తే దండం పెట్టడమే.

చివరగా, రీస్టార్ట్, అంటే లోడ్ మధ్యలో ఆగితే ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవడం. అన్ని టూల్స్‌కీ ఉందంటారు. ఈమధ్య ఒక వెండర్ డెమోకి వచ్చినప్పుడు, లోడ్ సగంలో ఉండగా ప్రాసెస్‌ని కిల్ చేసి మళ్లీ మొదలుపెట్టమన్నాను. అది మొదటినుంచి ఎక్కించుకుంటూ పోయింది, అప్పటికే ఎక్కిన వరుసలన్నీ టేబుల్‌లో రెండేసి. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు చిన్నబుచ్చుకుని "సార్, అలా లోడ్ మధ్యలో ఎవరు ఆపుతారండీ?" అన్నాడు.

"2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు వైజాగ్‌లో లేరనుకుంటానండీ" అన్నాను.